బ్యాంకులో దొంగ నోటు పట్టుకున్నారు, వెనక్కివ్వలేదు, జమా చెయ్యలేదు. ఇదేం లెక్క?

కారందోశ_నెల్లూరు
నాది ఆత్మకూరు బస్టాండు దగ్గర చిన్న టిఫిన్ కొట్టు. తెల్లారుజామున నాలుగున్నరకే పెనం వేడెక్కాలి. మొన్న సోమవారం వారం కలెక్షన్ కట్టడానికి బ్యాంకుకి పోతే, లెక్కపెట్టే మెషీన్ ఒక 500 నోటుని పక్కకి తన్నేసింది. క్యాషియరమ్మ దాన్ని లైటుకి ఎత్తి చూసింది, పక్కాయనకి చూపించింది, నా కళ్ల ముందే ఠపీమని ముద్ర గుద్దింది. నకిలీ అంట. తిరిగివ్వమంటే ఇవ్వదు. పోనీ ఖాతాలో వేస్తారా అంటే వెయ్యరు. పైగా ఒక కాగితం మీద సంతకం పెట్టమనింది. దొంగ నోటు తెచ్చానని నేనే ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని పెట్టకుండా వచ్చేశా. 500 మిగలాలంటే ఎన్ని దోశలు పొయ్యాలో పోసేవాడికే తెలుసు.

రెండు సంగతులు చెప్పండి. బ్యాంకు చేసింది రూల్ ప్రకారమేనా? పొద్దున్నే మసక లైటులో, ఒక చేత్తో గరిటె పట్టుకుని నోటు చూడటం ఎట్లా?

ఆ రోజు నుంచి ఎవరు 500 ఇచ్చినా అనుమానంగానే ఉంది. నిన్న రోజూ వచ్చే ఆటో ఆయన ఇచ్చిన నోటు మీద నంబరు మధ్యలో నక్షత్రం గుర్తు ఉంది. అచ్చు తప్పు లాగుందని తీసుకోలేదు. మొహం మాడ్చుకుని పోయాడు.

పెన్నా_గట్టు
బ్యాంకుకి ఎందుకు తీసుకుపోయావన్నా? సాయంత్రం పార్కింగ్ కుర్రాడి చేతిలో పెట్టి ఉంటే అయిపోయేది.

రెండో_షిఫ్ట్
ఆ పార్కింగ్ కుర్రాడి లాంటోణ్ణే నేను. ఒంగోలు అవతల హైవే మీద ఒక బంకులో రాత్రి డ్యూటీ చేస్తా. పోయిన ఏడాది రెండు 500 నోట్లు దొంగవి వచ్చాయి. వెయ్యి రూపాయలు నా జీతంలో కోశారు. ఇచ్చినోడు కారు అద్దం దించి నవ్వుతూ 'ఉంచుకో తమ్ముడూ' అని పది రూపాయల టిప్పు కూడా ఇచ్చిపోయాడు. వెనక్కి చూసుకుంటే ఆ పది ఒక్కటే అసలుది.

పెన్నా_గట్టు
సరదాకి అన్నాలే తమ్ముడూ.

రిటైర్డ్_క్యాషియర్
ముప్పై రెండేళ్లు క్యాష్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి, ఒంగోలు, కందుకూరు, కొన్నాళ్లు నెల్లూరు. కారందోశా, ఆమె చేసింది నూటికి నూరుపాళ్లు రూల్ ప్రకారమే. నకిలీ అని తేలిన నోటుని బ్యాంకు ఎవరికీ తిరిగి ఇవ్వకూడదు. ఇస్తే బ్యాంకే దాన్ని మళ్లీ చెలామణిలోకి వదిలినట్టు లెక్క. ముద్ర వెయ్యాలి, రిజిస్టర్లో రాయాలి, నోటు తెచ్చినవాళ్లకి రసీదు ఇవ్వాలి. ఆ కాగితం అదే. దాని మీద క్యాషియర్ సంతకం, నీ సంతకం రెండూ ఉంటాయి. నువ్వు పెట్టనన్నా రసీదు నీకు ఇవ్వాల్సిందే. వెళ్లి అడిగి తెచ్చుకో.

ఒకేసారి కట్టినదాంట్లో నాలుగు దాకా దొరికితే, నెలాఖరుకి అన్నీ కలిపి పోలీసులకి ఒక రిపోర్టు పంపుతారు. అయిదు, ఆపైన ఉంటే వెంటనే ఎఫ్‌ఐఆర్. నీది ఒకటే కదా, ఎవరూ నీ కొట్టుకి రారు. భయపడకు.

నీ డబ్బు మాత్రం పోయినట్టే. ఎవరూ పూడ్చరు. నా సర్వీసులో ఆ మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఎదుటివాళ్ల మొహం చూడలేకపోయేవాణ్ణి. ఎక్కువసార్లు అది కూరగాయల ఆమో, పాలాయనో.

కావలి_లాయరు
సంతకం పెడితే నేరం ఒప్పుకున్నట్టు కాదు. నోటు నీ దగ్గర నుంచి వచ్చిందన్నంత వరకే. చట్టం పట్టుకునేది 'తెలిసి చెయ్యడం'. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 178 నకిలీ నోట్లు తయారు చెయ్యడం గురించి, 179 నకిలీవని తెలిసీ చెలామణి చెయ్యడం గురించి, 180 ఆ ఉద్దేశంతో దగ్గర పెట్టుకోవడం గురించి. మొదటి రెండింటికీ యావజ్జీవం దాకా పడొచ్చు. తెలియక బ్యాంకులో కట్టిన నీకు ఇవేవీ వర్తించవు. పెన్నా గట్టు చెప్పినట్టు చేస్తే 179 వర్తిస్తుంది. సరదాకైనా సరే.

మొలగొలుకులు
పెన్నా గట్టు తెగింది 😂

నిమ్మకాయల_బస్తా
పొదలకూరు మార్కెట్‌లో మాకిది మామూలే. లారీ లోడెత్తే టైముకి కట్టలు కట్టలుగా చేతులు మారతాయి. ఎవడూ ఒక్కో నోటూ చూడడు. దొంగది ఎప్పుడూ కట్ట మధ్యలోనే ఉంటది, పైనా కిందా ఉండదు. మా నాన్న కట్టని వేళ్లతో విదిలించి చెవి దగ్గర పెట్టుకునేవాడు. అసలు నోటు పెళపెళమంటదని. మేమందరం నవ్వేవాళ్లం. ఒకసారి అట్లా విని నిజంగానే ఒకటి బయటికి లాగాడు.

కారందోశ_నెల్లూరు
నేను అట్లా విదిలిస్తే సాంబార్లో పడతాయి నోట్లు.

చిన్నబజారు_సతీష్
ఇంత కథ ఎందుకబ్బా. 500 మీద ఆకుపచ్చ గీత గవర్నర్ సంతకం దగ్గర ఉంటే అసలుది, గాంధీ బొమ్మ దగ్గరగా ఉంటే దొంగది. మా వాట్సాప్ గ్రూపులో ఎప్పుడో వచ్చింది.

రిటైర్డ్_క్యాషియర్
సతీషూ, ఆ మెసేజ్ అబద్ధం. రెండు రకాలూ చెల్లుతాయి. ప్రభుత్వమే ఆ మాట చాలాసార్లు చెప్పింది. గీత ఎక్కడుందని కాదు, ఏం చేస్తుందో చూడు. నోటు వంచితే అది ఆకుపచ్చ నుంచి నీలానికి మారాలి. కింద కుడివైపు రూపాయి గుర్తుతో ఉన్న 500 అంకె కూడా అట్లాగే మారుతుంది. దొంగ నోట్లలో మెరుపు సిరాతోనో, అంటించిన రేకుతోనో గీత పెడతారు. మెరుస్తుంది గానీ రంగు మారదు. ఎటు తిప్పినా ఆకుపచ్చే.

నక్షత్రం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. అది అచ్చు తప్పు కాదు కారందోశా. వంద నోట్ల కట్టలో అచ్చు చెడిపోయిన నోటు దొరికితే దాన్ని తీసేసి బదులుగా నక్షత్రం నోటు పెడతారు. 10, 20, 50 నోట్లలో 2006 నుంచే ఉంది. 500లో 2016లో మొదలైంది. 2023లో మళ్లీ వదంతి లేస్తే ఇవి చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు ప్రకటన ఇచ్చింది. ఆ ఆటో ఆయన నోటు బంగారం.

కారందోశ_నెల్లూరు
అయ్యో.

మొలగొలుకులు
'అయ్యో' కాదన్నా, ఒక కారం దోశ ఫ్రీ.

గాజులకొట్టు_అక్క
నా బాధ వినండి. పోయిన రొట్టెల పండగకి బారాషహీద్ దర్గా దగ్గర గాజుల అంగడి పెట్టాం. నాలుగు రాష్ట్రాల జనం, ఊపిరాడదు. రాత్రిపూట ఎర్రవి, పచ్చవి, నీలంవి సీరియల్ లైట్లు. ఆ వెలుతురులో గాజుల రంగే తెలీదు, ఇంక నోటు రంగు మారిందో లేదో ఏం తెలుస్తుంది? మూడు 200 నోట్లు దొంగవి వచ్చాయి. ఆ రోజు పొద్దునే స్వర్ణాల చెరువులో దిగి నేను పట్టుకున్నది ధనం రొట్టె, డబ్బు కలిసి రావాలని పట్టేది.

నిమ్మకాయల_బస్తా
ధనం వచ్చింది కదక్కా. ఏ ధనమో నువ్వు అడగలేదు.

గాజులకొట్టు_అక్క
నవ్వండి నవ్వండి. ఈసారి ఆరోగ్యం రొట్టె పడతా.

వేలికొసలు
అక్క అడిగినదానికి జవాబు నా దగ్గర ఉంది. నాకు పుట్టుకతో చూపు లేదు. ప్రకాశం జిల్లాలో టీచర్ని. నాకు ఏ లైటుతోనూ పని లేదు కాబట్టి నోటు మొత్తం వేళ్లతోనే చూస్తా.

500 నోటుకి కుడి అంచునా ఎడమ అంచునా ఏటవాలు గీతలు అయిదు ఉబ్బెత్తుగా ఉంటాయి. కుడివైపు అశోక స్తంభం పైన చిన్న గుండ్రం. 200కి నాలుగు గీతలు, మధ్యలో రెండు చుక్కలు, ఇంగ్లీషు 'హెచ్' ఆకారంలో గుర్తు. 100కి నాలుగు గీతలు, త్రికోణం. గాంధీ బొమ్మ కూడా తగులుతుంది, భుజం దగ్గర బాగా. నేను జీవితంలో రెండు దొంగ నోట్లు పట్టుకున్నా. రెండూ క్యాలెండరు కాగితంలాగా నున్నగా ఉన్నాయి. పక్కన కళ్లున్నవాళ్లు అసలుదే అని వాదించారు.

ఒక కష్టం కూడా చెప్పాలి. కొత్త నోట్లు వచ్చాక మాకు కొలత పోయింది. 100, 200, 500 మూడింటి వెడల్పూ 66 మిల్లీమీటర్లే. పొడవు 142, 146, 150. నాలుగేసి మిల్లీమీటర్ల తేడా. చేతిలో చెమట ఉంటే అది తెలీదు. పాత 500 నోటు ఇంకా పెద్దది, హాయిగా పోల్చుకునేవాళ్లం. నోటు నలిగి పాతబడితే గుర్తులు కూడా అరిగిపోతాయి. 2020లో రిజర్వ్ బ్యాంకు మణి అని ఒక యాప్ ఇచ్చింది, ఫోన్ పెడితే ఎంత నోటో పలుకుతుంది. అసలుదా నకిలీదా మాత్రం అది చెప్పదు.

రెండో_షిఫ్ట్
సార్ చెప్పింది కరెక్ట్. జీతం కోశాక మా సీనియర్ ఇదే నేర్పాడు. నోటు తీసుకునేటప్పుడే బొటనవేలి గోరు అంచు గీతల మీద లాగాలి, గరగరమనాలి. కస్టమర్‌కి తెలీను కూడా తెలీదు, 'అనుమానిస్తున్నావా' అని గొడవకి రాడు. నాకిప్పుడు అలవాటైపోయి పెళ్లి చదివింపుల్లో కూడా గోరు లాగుతున్నా.

చీమకుర్తి_రాయి
ఆ ఉబ్బు ఎట్లా వస్తుంది? దొంగనాయాళ్లు అది చెయ్యలేరా? శుభలేఖల మీద కూడా ఉబ్బెత్తు అక్షరాలు ఉంటాయి కదా.

ప్రెస్సు_బాబాయి
దీనికోసమే కూర్చుని ఉన్నా. ఒంగోల్లో శుభలేఖలు, కరపత్రాలు అచ్చేసి తల నెరిసినవాణ్ణి.

శుభలేఖ ఉబ్బు వేరు, నోటు ఉబ్బు వేరు. శుభలేఖలో తడి సిరా మీద పొడి చల్లి వేడి చేస్తాం, అది కరిగి ఉబ్బుతుంది. కాగితానికి ఏమీ కాదు. నోటు పని దీనికి తిరగేసి ఉంటుంది. లోహపు ప్లేటులో గీతలు లోతుగా చెక్కుతారు. సిరా పూసి పైన తుడిచేస్తే గాడుల్లో ఉన్నది మాత్రమే మిగులుతుంది. దాని మీద కాగితం పెట్టి భయంకరమైన ఒత్తిడితో అదుముతారు. కాగితమే గాడిలోకి దిగి సిరాని పట్టుకుని పైకి వస్తుంది. అంటే సిరా ఒక్కటే కాదు, కాగితం కూడా అక్కడ లేచి ఉంటుంది. దీన్ని ఇంటాగ్లియో అంటారు. ఆ మిషన్లు అంగట్లో దొరకవు.

ఇంకో కిటుకు. నా దగ్గర దారాలు లెక్కపెట్టే చిన్న భూతద్దం ఉంటుంది, అచ్చులో చుక్కలు చూడటానికి. దాంతో అసలు నోటు చూస్తే సన్నటి గీత ఏ రంగుదైతే ఆ రంగు సిరాతోనే, తెగకుండా సాగుతుంది. కలర్ ప్రింటర్ నోటులో అదే గీత నాలుగు రంగుల చుక్కలుగా చెదిరిపోతుంది, ముగ్గు మీద వాన పడ్డట్టు. గాంధీ బొమ్మ దగ్గర హిందీలో 'భారత్', ఇంగ్లీషులో 'ఇండియా' అని చీమ తలకాయంత అక్షరాలు ఉంటాయి. ప్రింటర్‌కి అవి గీత లాగా కనపడతాయి, గీతే వేస్తుంది.

కాగితం మాటకొస్తే అది మన కాగితం కాదు, పత్తి. అందుకే జేబులో మర్చిపోయి ఉతికినా బతుకుతుంది.

చీమకుర్తి_రాయి
బాబాయ్, నువ్వు ఇంత వివరంగా చెబుతుంటే నాకు నీ మీదే డౌటొస్తోంది.

ప్రెస్సు_బాబాయి
ఆ తెలివే ఉంటే ఇంకా బాకీల కోసం పెళ్లివాళ్ల ఇళ్ల చుట్టూ తిరుగుతానా?

రొయ్యల_గుంట
ఉతకడం అన్నారు కాబట్టి చెప్తున్నా. మేత కొట్లో మోసపోయాక ఆన్‌లైన్లో నీలం లైటు ఒకటి కొన్నా. దొంగ కాగితం దాని కింద తెల్లగా మెరుస్తుంది, అసలు నోటు మసగ్గా ఉంటుంది అన్నారు. మొదటి రోజే మా ఆవిడ ఇచ్చిన 500 ట్యూబ్‌లైటులాగా వెలిగిపోయింది. ఇంట్లో యుద్ధం. తర్వాత తేలింది, అది నా లుంగీ మడతలో ఉండి సబ్బు పొడి నీళ్లలో ఒక రాత్రి నానిందని. బ్యాంకు మెషీన్ మాత్రం దాన్ని అసలుదే అనింది.

రిటైర్డ్_క్యాషియర్
నిజమే. సబ్బు పొడిలో బట్టలు తెల్లగా కనపడటానికి మెరుపు మందు కలుపుతారు, మామూలు తెల్ల కాగితంలోనూ అదే ఉంటుంది. నోటు కాగితంలో అది కలపరు. ఉతికిన నోటుకి ఆ మందు పట్టుకుంటుంది. కాబట్టి లైటు ఒక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పకూడదు.

మొలగొలుకులు
నల్లధనాన్ని తెల్లగా చెయ్యడం అంటే ఇదేనేమో.

చిన్నబజారు_సతీష్
సరే, నా గ్రూపు మెసేజ్ తప్పే. ఇంకోటి అడుగుతా, ఇదైనా నిజమేనా? దొంగ నోట్ల మీద ఇంగ్లీషు స్పెల్లింగ్ తప్పుంటుందంట.

కావలి_లాయరు
ఇది నిజమే. 2025 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ హెచ్చరించింది. 'రిజర్వ్ బ్యాంక్' అన్నచోట రిజర్వ్‌లో 'ఇ' బదులు ఒక 'ఎ' పడ్డ 500 నోట్లు తిరుగుతున్నాయని. మిగతాదంతా చాలా దగ్గరగా ఉందట.

రిటైర్డ్_క్యాషియర్
ఆ ఒక్క రకానికే అది పనికొస్తుంది. స్పెల్లింగ్ సరిగా ఉన్న దొంగ నోట్లే ఎక్కువ. 2024-25లో దొరికిన నకిలీల్లో 500 నోట్లే 1,17,000 పైచిలుకు. ఇవి పట్టుబడినవి మాత్రమే.

నిమ్మకాయల_బస్తా
మేం నోటు మీద పెన్నుతో చిన్న గీత పెట్టుకుంటాం, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో గుర్తుకి. రాసిన నోటు చెల్లదంటున్నారు, నిజమా?

రిటైర్డ్_క్యాషియర్
చెల్లుతుంది. కానీ రాయకండి, నోటు తొందరగా పాడవుతుంది. గుర్తు కావాలంటే కట్ట మీద చీటీకి రాసుకోండి.

చీమకుర్తి_రాయి
నా కేసు కూడా చెప్తా. పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్ని. శనివారం కూలి డబ్బులు నేనే పంచుతా. ఒకసారి బీహారు కుర్రాడు సోమవారం వచ్చి 500 చూపించాడు, ఊరికి డబ్బు పంపడానికి పోతే దొంగదన్నారంట. నేనిచ్చిందే అని గ్యారంటీ ఏముంది? మా ఓనరు 'నువ్వే మార్చుకుని ఉంటావు' అన్నాడు. వాడు ఏమీ అనలేదు, నిలబడ్డాడంతే. నా జేబులోది ఇచ్చేసి ఆ నోటు చించేశా.

కావలి_లాయరు
ఇచ్చింది మంచి పని, చించింది కాదు. స్టేషన్‌లోనో బ్యాంకులోనో ఇచ్చి ఉంటే దాని నంబరు రికార్డయ్యేది. దొంగ నోట్లు ఒకే నంబరుతో పదులకొద్దీ అచ్చవుతాయి, నంబరు కూడా ఒక దారే.

చీమకుర్తి_రాయి
అప్పుడు అంత తట్టలేదన్నా. కోపంలో ఉన్నా.

పెన్నా_గట్టు
బ్యాంకులకి నీతులు చెప్పేవాళ్లు లేరా? ఏటీఎంలో వస్తే ఏం చెయ్యాలి?

రిటైర్డ్_క్యాషియర్
100, ఆపైన నోట్లని మెషీన్‌లో పరీక్షించాకే బయటికి ఇవ్వాలని రూల్ ఉంది, ఏటీఎం అయినా కౌంటర్ అయినా. అయినా అనుమానం వస్తే అక్కడే కెమెరా ముందు నోటు రెండువైపులా చూపించి, స్లిప్పు దాచుకుని, నేరుగా బ్రాంచికి పో. ఇంటికి పోయి మూడో రోజు వస్తే ఎవరూ నమ్మరు. నేనూ నమ్మేవాణ్ణి కాదు.

గాజులకొట్టు_అక్క
నిన్న రాత్రి మా పాపతో కూర్చుని నోటు మొత్తం చూశాం. వెనకాల భాషలు పదిహేను వరసగా ఉన్నాయి, మన తెలుగు కింది నుంచి రెండోది, దాని కింద ఆఖరున ఉర్దూ. ఇరవై ఏళ్లుగా లెక్కపెడుతున్నా, ఎప్పుడూ చదవలేదు. లైటుకి ఎత్తితే కుడివైపు ఖాళీలో గాంధీ తాత, పక్కనే 500. బల్ల మీద పెడితే మాయం. నా దగ్గరున్న దొంగ 200లో తాత బల్ల మీద కూడా కనపడుతున్నాడు, బూడిద రంగులో!

ప్రెస్సు_బాబాయి
అదే తేడా తల్లీ. అసలుది కాగితం తయారయ్యేటప్పుడే అక్కడ పలచగా, మందంగా పడిన నీడ. నీ దగ్గరుంది వెనక నుంచి లేతగా అచ్చేసిన బొమ్మ. ఆ నోటు ఇంకా ఎందుకు ఉంచుకున్నావు, బ్యాంకులో ఇచ్చెయ్.

గాజులకొట్టు_అక్క
పాపకి నేర్పడానికి ఉంచా. రేపే ఇచ్చేస్తా లాయరు గారూ, 180 అనకండి.

కారందోశ_నెల్లూరు
ఇంతమందికీ కలిపి ఒక జవాబు. బ్యాంకుకి పోయి రసీదు తెచ్చుకున్నా. ఆమే గుర్తుపట్టి 'ఆ రోజే పెట్టి ఉంటే అయిపోయేది కదన్నా' అనింది. డబ్బు పోయింది, ఆ బాధ ఉంది.

కౌంటర్ మీద ఎర్ర బల్బు తీసేసి తెల్లది పెట్టా. గోరు లాగడం నేర్చుకుంటున్నా. పిండి చేత్తో తెలీడం లేదని నోట్లు తీసుకునే పని మా ఆవిడకి అప్పజెప్పా. మొదటి రోజే ఒక 100 పక్కన పెట్టింది. అది దొంగది కాదు, పాతబడి అరిగిపోయినది. పర్లేదు, జాగ్రత్త వచ్చింది.

ఆటో ఆయన నాలుగు రోజుల నుంచి ఎదురు కొట్లో తింటున్నాడు. నేను కేకేసినా చూడలేదు. ఈ రోజు రోడ్డు దాటిపోయి, 'ఆ నక్షత్రం నోటు అసలుదే అంట, తప్పు నాది, ఇట్లా ఇవ్వు' అన్నా. ఎదురు కొట్టాయన గల్లా తెరిచి చూపించాడు, అది ఆయన దగ్గరే ఉంది.

మొలగొలుకులు
మరి ఆటో ఆయన వచ్చాడా లేదా?

కారందోశ_నెల్లూరు
వచ్చాడు. రెండు కారం దోశలు తిని, అన్నీ పది రూపాయల బిళ్లలు ఇచ్చాడు. మా ఊళ్లో ఎవరూ తీసుకోరవి.

రిటైర్డ్_క్యాషియర్
తీసుకో నాయనా. పద్నాలుగు రకాల డిజైన్లూ చెల్లుతాయని 2018లోనే చెప్పారు. బిళ్ల మీద గీతలు పది ఉన్నా పదిహేను ఉన్నా విలువ పది రూపాయలే.

కారందోశ_నెల్లూరు
తీసుకున్నా సార్. చిల్లరగా ఇస్తే మళ్లీ ఎవరూ తీసుకోవడం లేదు. రేపు బ్యాంకుకే తెస్తా, ఆమె కౌంటర్‌కే.